పాలకు శీలపరీక్ష

ఒకే ఒక్క పరమాణువు మందమున్న పొరతో పాలను పరీక్షించే యంత్రాన్ని ప్రపంచంలోనే మొట్టమొదట కనిపెట్టింది మా జల్‌పల్లి కాలనీయేనని సగర్వంగా మనవి చేస్తున్నాను. సంవత్సరం 2008. కనిపెట్టినవారు కంచన్‌బాగ్‌లో ఒక ప్రయోగశాల స్టోర్సులో ముప్ఫై ఏళ్లు గాజుసీసాలు తుడిచి రిటైరైన రామలింగం గారు.

పెన్సిల్ ముల్లుకు సెలోటేపు అంటించి లాగడం, ఆ టేపును మరో టేపుతో లాగడం. ఇలా నలభై రోజులు లాగితే గ్రాఫీన్ అనే పొర మిగిలింది. కంటికి కనిపించలేదు కాబట్టి వచ్చేసిందనే తేల్చారు. దాన్ని గాజుపలక మీద పరిచి, చార్మినార్ దగ్గర కొన్న లైటు వేశారు. పాలచుక్క పడితే, తిరిగొచ్చే వెలుతురును బట్టి మంచి పాలకు పచ్చదీపం, కల్తీకి ఎర్రదీపం.

మంచి పాలంటే ఏవో యంత్రానికి ముందుగా చూపించాలి కదా! ఇతరుల పాలను నమ్మడం శాస్త్రీయం కాదని, రామలింగం గారు తమ వంటింటి గిన్నెలోంచే చెంచాడు తీసి చూపించారు.

ఆదివారం కాలనీ సభలో పాలవాడు భిక్షపతి క్యాను దింపాడు. నీళ్ల ముఖమెరగని పాలు. చుక్క వేశారు. ఎర్రదీపం! ఏళ్ల తరబడి అవే పాలు తాగిన జనం ఒక్కసారిగా కడుపులు పట్టుకున్నారు.

“మిత్రులారా! విజ్ఞానం ముందు మోసం తలవంచక తప్పదు! రేపటి నుంచి ఇతడు ఈ కాలనీలో అడుగు పెట్టరాదు!” అని రామలింగం గారు గర్జించారు.

భిక్షపతికి నాలుగు బర్రెలు, ఈ ఒక్క కాలనీయే ఆధారం. “గిదేం లొల్లి సారూ! బర్రెల మీద ఒట్టు, చుక్క కలపలే. మీ గిన్నెల ఉన్నయి గూడ నేను పోసినయే గదా!”

అందరూ రామలింగం గారి భార్య కోమలవల్లమ్మ వైపు తిరిగారు.

“ఏంది గట్ల చూస్తరు? చెంబెడు నీళ్లు పొయ్యకుంటే ఆరుగురికి చాయ్ ఎట్లయితది? లగ్గమైనప్పటి సంది పోస్తున్న. పాలంటే మనింటి పాలే అని దినాం మెచ్చుకునేది ఈయననే!”

రామలింగం గారు లెక్క వేసుకున్నారు. యంత్రం తప్పంటే పరువు పోతుంది. భార్య తప్పంటే సాయంత్రం చాయ్ పోతుంది. కాబట్టి సభ ఏకగ్రీవంగా పాలనే సరిదిద్దాలని తీర్మానించింది. భిక్షపతి క్యానును నల్లా కింద పెట్టాడు. కాసేపటికి పచ్చదీపం వెలిగింది. చప్పట్లు మోగాయి.

“మస్తుంది సారూ మీ మిషను! రేపటి సంది ఫికర్ లేదు, ఇంటికాన్నే కలుపుకొని వస్త.”

ప్రపంచంలో మొట్టమొదటిదన్నాను గానీ, నిజానికి మా వీధిలో మొదటిది. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను, కాస్త గట్టిగానే. ఇక ఈ కథలో నేను కల్పించింది ఒక్కటే. భిక్షపతి మొదట దింపిన పాలలో నీళ్లు లేవన్నాను చూశారూ, అదీ! ఆ మొదటి ఎర్రదీపం నిజమే చెప్పింది, మీరు మాత్రం ఇంతసేపూ యంత్రాన్నే అనుమానించారు.