ఆదివారం విభాగం

ఆ రోజు ఉదయం లేబుల్ గారి పథకం చాలా చిన్నది. స్నానానికి నీళ్ళు కాగేలోగా ఒక్క జాబితా పూర్తి చేయాలి. ఒక్కటంటే ఒక్కటి. అది పచ్చరంగులోకి మారితే చాలు, మధ్యాహ్నం మూడు గంటల సమావేశంలో తలెత్తుకుని కూర్చోవచ్చు.

లేబుల్ గారన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. నీటి పంపులు తయారుచేసే కంపెనీ గోడౌన్‌లో ఆయన తొమ్మిదేళ్ళు పెట్టెల మీద లేబుళ్ళు అతికించి, ఆ దుమ్ముకు తుమ్మి తుమ్మి, చివరికి ఆరు నెలల క్రితం మేడ మీద కిటికీ ఉన్న గదిలోకి వచ్చారు. కంపెనీ కొత్తగా కొన్న మెటాడేటా సాఫ్ట్‌వేర్‌ను నడిపించడం ఆయన పని. మెటాడేటా అనగానే కంగారు పడక్కర్లేదు. డబ్బాలో ఉన్నది డేటా, డబ్బా మీద అతికించిన చీటీ మెటాడేటా. కంపెనీ కంప్యూటర్లలో వేల జాబితాలున్నాయి. ఏది ఏమిటో, ఎందుకుందో, ఎవరిదో ఎవరికీ తెలియదు. ప్రతిదానికీ ఒక వివరణ ఉండి, సంబంధించిన వాళ్ళందరూ అది చదివి జవాబిస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని పచ్చగా చూపిస్తుంది. లేకపోతే ఎర్రగా ఉంచుతుంది.

మూడు నెలలుగా అన్నీ ఎర్రగానే ఉన్నాయి. "దయచేసి మీ జాబితాల వివరణ తెలియజేయగలరు" అని పదకొండు విభాగాల అధిపతులకూ ఆయన మెయిల్ మీద మెయిల్ పంపారు. వాళ్ళు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. మేనేజింగ్ డైరెక్టర్ గారు ఇవాళ తేల్చేస్తానన్నారు. ఒక్క జాబితా అయినా పూర్తయితే సరి, లేకపోతే సాఫ్ట్‌వేర్ అటకెక్కుతుంది, లేబుల్ గారు మళ్ళీ గోడౌన్‌లోకి దిగుతారు. ఆ దుమ్ము తలుచుకుంటేనే ఆయనకు ఏడుపొస్తోంది.

సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన పుస్తకం మొదటి పేజీలో 'చిన్న జాబితాతో మొదలుపెట్టండి' అని ఉంది. ఆయన లాప్‌టాప్‌లో క్యాంటీన్ బల్లల జాబితా ఒకటుంది. బల్లలకు నోరు లేదు కాబట్టి గొడవ ఉండదనుకుని ఆయన సాఫ్ట్‌వేర్‌కు ఆ ఫోల్డర్ చూపించారు. అది కాసేపు వెతికి, "చక్కటి జాబితా ఒకటి దొరికింది. పేర్లు, మెయిల్ చిరునామాలు, వివరణలు అన్నీ ఉన్నాయి. సంబంధీకులకు పంపమంటారా?" అని అడిగింది. బల్లలకు మెయిల్ చిరునామాలు ఎక్కడివని ఆలోచించే మనిషే అయితే ఈ కథే లేదు. అంతలో నీళ్ళు కాగాయని లోపల్నుంచి కేక వినిపించింది. ఆయన 'అన్నిటికీ అవును' నొక్కి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

ఆ చక్కటి జాబితా వాళ్ళావిడది. కొత్తగా మారిన ఇంట్లో ఆదివారం తన వైపు చుట్టాలకు భోజనం పెడుతోంది. మొత్తం ఇరవై ముగ్గురు. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో, ఎవర్ని ఎవరికి దూరంగా ఉంచాలో ముందురోజు రాత్రి భర్త లాప్‌టాప్‌లో, అదే ఫోల్డర్‌లో, 'ఆదివారం' అన్న పేరుతో రాసుకుంది. పిలుపులు పంపడానికి మెయిల్ చిరునామాలు కూడా చేర్చింది. ఆవిడ బడిలో టీచరు. పిల్లల ప్రోగ్రెస్ కార్డులు రాసి రాసి మనుషుల్ని రెండు ముక్కల్లో తేల్చేయడంలో చేయి తిరిగింది.

తొమ్మిదిన్నరకు లేబుల్ గారు బస్సులో ఉండగా ఫోన్ మోగింది.

"ఏవండీ, మీ కంపెనీ మా బాబాయి మీద విచారణ మొదలుపెట్టిందట. ఏం చేశారు మీరు?"

"నేనా? నేనేం చేశాను? స్నానం చేశాను."

"వినండి. 'మా సంస్థ రికార్డుల ప్రకారం మీ వివరణ: మాట మొదలుపెడితే ఆపడు. చెవులు సరిగా వినిపించనివాళ్ళ పక్కన కూర్చోబెట్టాలి. ఇది నిజమేనా? అవును, కాదు. ఇట్లు, మేనేజింగ్ డైరెక్టర్.' ఇది నేను రాసుకున్నదండీ! నా ఫైల్లోది!"

"బాబాయి ఒక్కరికేనా?" అన్నారు లేబుల్ గారు పీలగొంతుతో.

"పెద్దమ్మకీ వచ్చింది. 'ఏం వండినా ఉప్పు తక్కువంటుంది.' మా బావకీ వచ్చింది. 'కారు గురించి అడగొద్దు, అడక్కపోయినా చెబుతాడు.' ఇంకేముంది, ఆదివారం మన గడప తొక్కేవాడుండడు. ఉన్నపళంగా వెనక్కి తీయించండి!"

ఆయన ఆఫీసు మెట్లు రెండేసి ఎక్కి, కుర్చీలో కూలబడి, 'ఉపసంహరణ' నొక్కారు. సాఫ్ట్‌వేర్ చాలా పద్ధతి గలది. కారణం చెప్పమంది. ఆయన 'పొరపాటు' అని రాశారు. అది ఆ మాటను పొల్లు పోకుండా ఇరవై ముగ్గురికీ చేరవేసింది. 'మిమ్మల్ని మా రికార్డుల నుంచి తొలగించమని కోరుతున్నారు. కారణం: పొరపాటు. మీకు సమ్మతమేనా?'

రెండు నిమిషాల్లో పెద్దమ్మ ఫోన్ చేసింది.

"ఏం అల్లుడూ, ఉప్పు సంగతంటే సరే, అది నీ పెళ్ళాం చిన్నప్పట్నుంచీ అంటున్నదే. ఇప్పుడు అసలు నన్నే పొరపాటంటారా?"

"నేను కాదండీ, అదంతా సాఫ్ట్‌వేర్..."

"ఆయనెవరో నాకు తెలీదు. ఫోన్ ఆయనకివ్వు."

అంతటితో పోయినా బాగుండేది. మెయిల్ అడుగున 'మిగతావారి వివరణలు చూడండి' అని ఒకటి, 'సవరించండి' అని ఒకటి, 'ఆధారం జతచేయండి' అని మరొకటి ఉన్నాయని పదింటికి ఎవరో కనిపెట్టారు. ఇక చూడండి! పెద్దమ్మ తాను ఉప్పు తక్కువన్న నాలుగు సందర్భాలూ, ఆ రోజు పక్కన కూర్చున్న సాక్షుల పేర్లతో సహా రాసింది. బావ తన కారు ఫోటోలు తొమ్మిది జతచేశాడు. అతని వివరణ కింద అతని భార్యే 'చాలా తగ్గించి రాశారు' అని సవరణ పెట్టింది. రిటైరైన హెడ్మాస్టరు కావడంతో బాబాయి ఇరవై ముగ్గురి వివరణల్లోనూ అక్షరదోషాలు దిద్ది, కింద సంతకం చేశారు. పన్నెండున్నరకు సాఫ్ట్‌వేర్ నుంచి లేబుల్ గారికి ఒక ముక్క వచ్చింది. 'తీవ్ర అభ్యంతరాలున్నందున ఈ జాబితాను మేనేజింగ్ డైరెక్టర్ గారి దృష్టికి పంపడమైనది.' ఆయన కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నారు. భోజనం డబ్బా మూత కూడా తీయలేదు.

మూడింటికి సమావేశం గది తలుపు దగ్గర ఆయన్ని బాబాయి పట్టుకున్నారు. చంకలో ఫైలు.

"మావయ్యగారూ, మీరిక్కడికెందుకొచ్చారు?"

"కాగితం మీద తేలే విషయం కాదు. మీ డైరెక్టర్ గారితోనే మాట్లాడతాను."

"దండం పెడతాను, ఇవాళ నా ఉద్యోగం..."

"నీ ఉద్యోగం ఎక్కడికీ పోదులే. పద." ఆయన ముందుగా లోపలికి నడిచారు.

డైరెక్టర్ గారు నవ్వు మొహం మనిషి కాదు. గోడమీది తెర వైపు చూస్తున్నారు. పదకొండు విభాగాలు, పదకొండు ఎర్ర సున్నాలు. అడుగున ఒక్కటి మాత్రం పచ్చగా మెరుస్తోంది. 'ఆదివారం. స్పందన ఇరవై ముగ్గురికి ఇరవై ముగ్గురు. సవరణలు అరవై ఒకటి. ఆధారాలు పద్నాలుగు.'

"ఈ ఆదివారం విభాగం మన ఏ ఫ్యాక్టరీలో ఉంది?" అని అడిగారావిడ.

"మా ఇంట్లో ఉందండీ," అన్నారు లేబుల్ గారు. ఇక దాచి లాభం లేదని జరిగినదంతా చెప్పేశారు.

స్టోర్స్ అధిపతి కడుపుబ్బ నవ్వారు. "నేను మొదట్నుంచీ చెబుతున్నాను మేడమ్, ఇది మనకి పనికొచ్చేది కాదు. ఈయన్ని గోడౌన్‌కి పంపించేయండి, అక్కడైతే పెట్టెలు పోట్లాడవు."

"మీరు మూడు నెలల్లో ఒక్క జవాబైనా ఇచ్చారా?"

"చూడాలండి. పని ఒత్తిడిలో..."

"వీళ్ళు మూడు గంటల్లో ఇచ్చారు. ఎందుకని?"

బాబాయి గొంతు సవరించుకున్నారు. "అమ్మా, ముప్పై ఏళ్ళు బడి నడిపినవాణ్ణి. 'జవాబు చెప్పండ్రా' అంటే క్లాసులో ఒక్కడు లేవడు. బోర్డు మీద తప్పు రాసి చూడండి, యాభైమందీ లేస్తారు." అక్కడితో ఆపి ఉంటే ఎంతో హుందాగా ఉండేది. ఆయన మరో పావుగంట మాట్లాడారు. ఆయన వివరణలో మొదటి సగం అక్కడికక్కడే రుజువైంది.

"ఆ వివరణలు రాసినావిడకి ఫోన్ కలపండి," అన్నారు డైరెక్టర్ గారు. లేబుల్ గారు కలిపి, అందరికీ వినిపించేలా బల్ల మీద పెట్టారు.

"తీయించారా లేదా? బెల్లం కొట్టిన రాయిలా కూర్చోకండి అక్కడ!" అంది ఫోను. "ఇక్కడ ఒక్కరు కూడా మానట్లేదు, తెలుసా? రాకపోతే వెనకాల ఇంకేం రాస్తామోనని భయమట. పెద్దమ్మ ఉప్పు డబ్బా చేత్తో పట్టుకునే వస్తుందట!"

"అమ్మా, నేను డైరెక్టర్‌ని."

"న... నమస్కారమండీ!" అంది ఫోను.

"మీ రాత నాకు నచ్చింది. మా పదకొండుమంది అధిపతులకి కూడా తలా ఒక వివరణ రాసిస్తారా?"

"వాళ్ళనెప్పుడూ చూడలేదండీ నేను."

"మీవారు ఇంట్లో ఏమైనా చెబుతుంటారా?"

లేబుల్ గారు వద్దు వద్దని రెండు చేతులూ ఊపారు. ఫోనుకు కళ్ళుంటే కదా.

"అయ్యో, రోజూ చెబుతారండీ! చెప్పులు విప్పుతూనే మొదలు. స్టోర్స్ ఆయన ఏదడిగినా 'చూడాలండి' అంటాడట, చూసిన పాపాన పోడట. అమ్మకాలాయన మీటింగుల్లో కళ్ళు తెరుచుకునే నిద్రపోతాడట. మరమ్మతుల సెక్షనావిడ..."

"ఒక్క నిమిషం ఆగండమ్మా, రాసుకోనివ్వండి," అని డైరెక్టర్ గారు పెన్ను తీశారు. పదకొండు జతల కళ్ళు లేబుల్ గారి మీద వాలాయి. ఆయనకు ఒక్క క్షణం గోడౌనే నయమనిపించింది.

నాలుగింటికి పదకొండు మెయిళ్ళు వెళ్ళాయి. ఐదున్నర కాకముందే పదకొండు జవాబులూ వచ్చిపడ్డాయి. తాను చూడని మనిషి కాదని నిరూపించుకోవడానికి స్టోర్స్ అధిపతి తన జాబితాలన్నిటి వివరణా ఒక్క ఊపున రాసి పంపారు. ఆయన కంటే ముందు తానే పంపానని చూపించుకోవడానికి అమ్మకాలాయన పరుగులు పెట్టారు. మూడు నెలల ఎరుపు సాయంత్రానికల్లా పచ్చబడింది. లేబుల్ గారు కిటికీ దగ్గర నిలబడి ఆ తెర చూస్తూ నిజంగానే కళ్ళు తుడుచుకున్నారు.

మర్నాడు ఆయన ఉద్యోగాన్ని శాశ్వతం చేస్తూ ఉత్తర్వు వచ్చింది. అందులో ఆయన విధుల కింద డైరెక్టర్ గారు స్వహస్తాలతో ఒక వాక్యం చేర్చారు: 'ఆఫీసు సంగతులు ప్రతిరోజూ తప్పక ఇంట్లో చెప్పవలెను.'