మూడో అంకంలో కుర్చీ మనిషి

"నన్ను చూస్తే నేరానికే ముచ్చెమటలు పడతాయిరా స్తామెన్!" అని ప్రకటిస్తూ పనయోత్ నా మందుల షాపు బల్ల మీద గుద్దాడు. దగ్గుమందు సీసా ఒకటి కిందపడి పగిలింది. తప్పిపోయిన మేకల కేసులు మూడు చేపట్టి ఒక్క మేకనూ పట్టుకోలేకపోయిన మహా పరిశోధకుడు వాడు. అసలు వృత్తి గడియారాల రిపేరు. మా ఊళ్లో ఏ రెండు గడియారాలూ ఒకే టైము చూపించవంటే అది వాడి చలవే.

ఈసారి మాత్రం వ్యవహారం నిజంగానే ముదిరింది. టీచరమ్మ నెవెనా ఆరేళ్లు కష్టపడి నాటకం రాసింది. మా ఊరి పఠనమందిరం వేదిక మీద ఆడాలి. మూడో అంకంలో బూడిదరంగు కోటు తొడుక్కుని, టోపీ కళ్ల మీదికి లాక్కున్న పెద్దమనిషి ఒకడు వచ్చి కుర్చీలో కూర్చుంటాడు. ఒక్క ముక్క మాట్లాడడు. ఊరంతా గజగజ వణుకుతుంది. అంతే వాడి పాత్ర.

దాని మీద పార్టీ జిల్లా కమిటీ నుంచి ఉత్తరం దిగింది. ఈ పెద్దమనిషి ఎవరు? ఎవరిని ఉద్దేశించి రాశారు? శనివారం రిహార్సల్‌కి కమిటీ మనిషి వస్తాడు. ఆయనకు నచ్చకపోతే నాటకం ఉండదు.

"నాకే తెలీదండీ," అంది నెవెనా కళ్లు తుడుచుకుంటూ. "కుర్చీ ఖాళీగా ఉంటే బాగోలేదని ఒకణ్ణి కూర్చోబెట్టాను."

"రాసినావిడకే తెలీదంటే ఎవడో చొరబడ్డాడన్నమాట!" అన్నాడు పనయోత్. వాడి అనుమానం ఆ వేషం వేస్తున్న ఎలక్ట్రీషియన్ గెంచో మీదికి పోయింది. "మాటల్లేని వేషానికి రెండు నెలల రిహార్సలా? వాడేం నేర్చుకుంటున్నాడ్రా?"

"కూర్చోవడం."

"గూఢచారులు చేసేదీ అదేరా పిచ్చోడా!"

శనివారం మూడో అంకం మొదలయ్యే ముందు పనయోత్ గెంచోని దుస్తుల గదిలోకి తోసి, తనూ దూరి గడియపెట్టి విచారణ మొదలుపెట్టాడు. వేదిక మీద వాళ్లకి ఈ సంగతి తెలీదు. పెద్దమనిషికి స్వాగతం చెప్పడానికి రొట్టె, ఉప్పు పట్టుకుని నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే కమిటీ మనిషి వానలో తడుస్తూ వచ్చి, హాలు తలుపనుకుని వేదిక పక్క తలుపు తోశాడు. బూడిదరంగు కోటు, టోపీ. మా దేశంలో ఎదురుగా రొట్టె, ఉప్పు పెడితే ఎవరూ ప్రశ్నలు వేయరు. ఆయనా ముక్క తుంచి, ఉప్పులో అద్దుకుని తిని, చూపించిన కుర్చీలో కూర్చున్నాడు. గెంచోయే అనుకుని పశువుల డాక్టరు వేషంలో ఉన్నవాడు తన డైలాగు ఎత్తుకున్నాడు.

"కామ్రేడ్, మా ఊళ్లో అందరూ బంగారం. ఒక్క ఆ బేకరీవాడు తప్ప!"

"అయ్యో, ఆ పశువుల డాక్టరు మాట నమ్మకండి కామ్రేడ్! వాడి సంగతి నేను చెప్తా!"

ఆయన నోట్‌బుక్ తీసి గబగబా పెన్సిలు ఆడించసాగాడు. నెవెనా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"స్తామెన్ గారూ, అది గెంచో కాదు. గెంచోకి నేను నోట్‌బుక్ ఇవ్వలేదు."

ఆపుదామని ఆమె లేచింది. ఇంతలో దుస్తుల గది తలుపు ఊడింది. గెంచో అదే కోటు, అదే టోపీతో వేదిక మీదికి పరిగెత్తుకొచ్చాడు. వెనకే పనయోత్. ఒకేలా ఉన్న ఇద్దర్ని చూసి వాడు బిక్కచచ్చిపోయాడు. తర్వాత కమిటీ మనిషి వైపు వేలు పెట్టి అరిచాడు.

"దొరికాడు! ఆ పాత్ర ఈయనే!"

ఆరేళ్ల కష్టం గంగపాలైందనుకున్నాను. ఆయన గెంచో కోటు చూశాడు, తన కోటు చూసుకున్నాడు.

"అంటే... ఇది నేనేనని పైవాళ్లకి నేనే రాసివ్వాలా?"

ఆయన కాగితం తీసి రాశాడు: "పరిశీలించాను. ఈ పాత్ర ఎవరినీ పోలి లేదు. ఆడుకోవచ్చు." కింద ముద్ర కొట్టాడు. నెవెనా ఉన్నచోటే కూలబడి సంతోషంతో ఏడ్చేసింది.

"చిక్కుముడి విప్పానా లేదా?" అన్నాడు పనయోత్ మీసం దువ్వుకుంటూ.

వెళ్లబోతున్న ఆయన్ని గెంచో ఆపాడు. "కామ్రేడ్, ఆ నోట్‌బుక్‌లో ఏం రాశారు?"

ఆయన అటూ ఇటూ చూసి నోట్‌బుక్ తెరిచాడు. పేజీ నిండా పిచ్చిగీతలు.

"రాస్తున్నట్టు కనబడితే చాలు బాబూ," అన్నాడు నెమ్మదిగా. "మిగతాదంతా వాళ్లే చెప్పేస్తారు."