ఐచ్ఛిక సంఘం ముందు అండాలు

పద్నాలుగేళ్ల పిల్లకు తనకేం కావాలో తెలియదు, తెలిసినా చెప్పకూడదు, చెప్పినా పెద్దలు వినకూడదు అనే మూడు స్తంభాల మీద మన విద్యావిధానం నిలబడి ఉంది. నాలుగో స్తంభానికి ఇంకా నిధులు మంజూరు కాలేదు.

ఈ సత్యం మా ఊరికి 1961లో వచ్చింది. అంతకుముందు మాకున్నది ఉత్త బడి. ఆ ఏడు దాన్ని బహుళార్థసాధక ఉన్నత పాఠశాలగా పెంచారు. పెంచడమంటే బోర్డు మార్చడం. (నందికొండ దగ్గర కడుతున్న ఆనకట్టను కూడా బహుళార్థసాధకమనే అంటున్నారు. అక్కడ నీళ్లను ఆపుతారు, ఇక్కడ పిల్లలను ఆపుతారు.) బోర్డు కింద గోడ మీద ఏడు గ్రూపుల పేర్లు నీలిరంగుతో రాయించారు. ఎనిమిదో తరగతి గట్టెక్కిన ప్రతి విద్యార్థీ వాటిలో ఒకదాన్ని తన ఇష్టప్రకారం ఎంచుకొని, అందులోనే హయ్యర్ సెకండరీ పరీక్ష రాయాలి.

వ్యవసాయం గ్రూపుకు పంతులున్నాడు, భూమి లేదు. గృహవిజ్ఞానానికి పంతులమ్మ ఉంది, పొయ్యి లేదు. అందుచేత వంట నల్లబల్ల మీద నేర్పేవారు. గోడ మీద అన్నిటికంటే కింద రాసినది లలితకళలు. దానికి పంతులూ లేడు, గదీ లేదు. అయితే పైనుంచి ఒక హార్మోనియం మాత్రం వచ్చింది. వచ్చిన రోజే హెడ్మాస్టరు ఐలేశం సారు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు, ఎవరైనా వాయిస్తారేమోనని.

పిల్లల ఇష్టాన్ని పిల్లలకే వదిలేయడం ప్రమాదమని గ్రహించిన ప్రభుత్వం ఐచ్ఛిక విషయ నిర్ణయ సంఘాన్ని వేసింది. (ఐచ్ఛికమంటే ఇష్టమైనది. ఎవరికి ఇష్టమైనదో నియమావళిలో రాయలేదు.) అధ్యక్షులు జిల్లా మార్గదర్శనాధికారి సూర్యప్రకాశరావుగారు. మాకు మార్గం చూపడానికి కృష్ణా జిల్లా నుంచి వచ్చారు. కార్యదర్శి ఐలేశం సారు. పౌర ప్రతినిధిని నేను. నాకు నార్కట్‌పల్లి అడ్డా మీద సోడా దుకాణం ఉంది, సంఘానికి ఎండాకాలం సోడాలు కావాలి. ఇంతకన్నా బలమైన అర్హత ఉన్న సభ్యుణ్ణి నేను ఏ సంఘంలోనూ చూడలేదు.

ఇక అండాలు సంగతి. ఆ పిల్ల దశరథం కూతురు. దశరథానికి నాలుగెకరాల కౌలు చేను, ఒక మద్దెల ఉన్నాయి. పంటలు ఇంటికి చేరాక చుట్టుపక్కల ఊళ్లలో యక్షగానం ఆడే మేళానికి అతనే పెద్ద. ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టడం అక్కడి పద్ధతి. కానీ రాణి వేషం కట్టే పెద్దులు అనేవాడు ఇక మీసం తీయనని మొండికేసేసరికి, ఆ వేషం అండాలుకు వచ్చింది. అది వచ్చినప్పటి నుంచి చిట్యాల నుంచి కూడా జనం బండ్లు కట్టుకొని వచ్చేవారు. ఊరి పెద్దమనుషులు ముందు వరుసలో కూర్చొని, ఆట అయ్యేదాకా కళ్లు తుడుచుకొని, మర్నాడు ఆ పిల్ల ఎదురైతే "భాగోతపోళ్ల పిల్ల" అని నవ్వుకునేవారు. ఏడ్చినదీ వాళ్లే, నవ్వినదీ వాళ్లే. ఇది మా ఊరి సంస్కారం.

గోడ మీద లలితకళల పేరు చదివి అండాలు ఇంటికి పరుగెత్తింది. దశరథం నమ్మలేక తానే వచ్చి, ఆ అక్షరాలను వేలితో తడిమి చూసుకొని, నా దుకాణం ముందు నిలబడ్డాడు.

"సేటూ, సర్కారే గోడ మీద రాసిందంటె గది సదువే గదా?"

"చదువే."

"అయితే ఇగ సూడు. నా బిడ్డ గా పరీచ్చ రాసి పాసయితది. భాగోతపోళ్ల పిల్ల అన్నోని ముంగట గా కాయితం పెడ్త. ఇది ఆట గాదు, సదువు అంట."

"పిల్లేమంటున్నది?"

"పాట ఉంటెనే బడికి పోతదట. లేకుంటె చేన్ల పిట్టలు తోల్తదట. దాని జిద్దు దానిది."

అంతే. పిల్లకు కావలసింది బడిలో తన పాటకు ఒక చోటు. తండ్రికి కావలసింది దానికి సర్కారు ముద్ర. అడిగినదాంట్లో కష్టమేమీ లేదు కాబట్టి పని కాదని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

మొదట అభిరుచి పరీక్ష పెట్టారు. రావుగారు హైదరాబాదు నుంచి ఒక చెక్కపెట్టె తెచ్చారు. అందులో కంతలున్న పలక, ఆ కంతల్లో అమర్చే ముక్కలు ఉంటాయి. గుండ్రటి కంతలో గుండ్రటి ముక్క పెట్టినవాళ్లు సైన్సుకు, పెట్టలేనివాళ్లు చరిత్రకు పనికొస్తారని శాస్త్రం. అండాలు ముక్కలను కంతల జోలికి పోనివ్వలేదు. బల్ల మీద వరుసగా నిలబెట్టి, ఒకటి రాజు, ఒకటి మంత్రి, ఒకటి ఎవరినీ లోపలికి పోనివ్వని ద్వారపాలకుడు అని చెప్పి, మూడు గొంతులతో మాట్లాడించింది. ద్వారపాలకుడి గొంతు అచ్చం ఐలేశం సారుది. రావుగారు "కంతలు నింపలేదు" అని రాసుకున్నారు.

గొంతు బిగ్గరగా ఉంది కాబట్టి వ్యవసాయం ఇవ్వవచ్చని, పక్షుల బారినుంచి పంటను కాపాడడంలో రాణిస్తుందని రావుగారు సూచించారు. ఆడపిల్లలకు వ్యవసాయం ఇవ్వరాదనే నిబంధనను ఐలేశం సారు చూపించారు. నాట్లు, కలుపు, కోత అన్నీ ఆడవాళ్లే చేస్తున్నారు కదా అని నేను అడిగాను. అది వ్యవసాయం కాదు, కూలి అని ఇద్దరూ నాకు ఓపికగా వివరించారు.

తరువాతది ముఖాముఖి. ఇందులో అడగవలసిన ప్రశ్నలను రాజధానిలో పండితులు కూర్చొని, మంచి గ్రాంథికంలో రాసి, అచ్చు వేయించి పంపారు. అక్షరం మార్చకుండా చదవాలని పైన ఎర్రసిరాతో హెచ్చరిక కూడా ఉంది. మొదటి ప్రశ్న ఇది: "ఓ బాలికా! నీ వెవ్వరవు? ఎచ్చటినుండి వచ్చితివి? వచ్చిన కారణ మేమి?"

ఇక్కడ చదువరులకు ఒక సంగతి చెప్పాలి. మా వైపు యక్షగానంలో వేషం ముందుగా తెర చాటున నిలబడుతుంది. ఇద్దరు తెర పట్టుకుంటారు. మేళం పెద్ద అప్పుడు సరిగ్గా ఈ మాటలే, ఈ వరుసలోనే అడుగుతాడు. అడిగాక వేషం పాటతో జవాబు చెప్పి తీరాలి. మొదలైన ఆటను మంగళం పాడకుండా ఆపితే ఊళ్లో వానలు పడవు. ఈ ముక్క మా దగ్గర పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. పండితులకు తెలియదు.

రావుగారు కళ్లజోడు సర్దుకొని ప్రశ్న చదివారు. అండాలు కళ్లు మెరిశాయి. ఇది కళల పరీక్ష, సారు మేళం పద్ధతిలో అడుగుతున్నాడు, ఆట చూపించమంటున్నాడు అనుకుంది. ఆ పిల్ల చేసిన తప్పు ఇదొక్కటే. బడి జవాను గాలయ్య మేళంలో తెర పట్టే మనిషి. అతనికి ఆలోచన కూడా అవసరం లేకపోయింది. బల్ల మీది ఆకుపచ్చ గుడ్డను ఒక్క లాగు లాగి, ఒక కొస తాను పట్టుకొని, రెండోది నా చేతికిచ్చాడు. (సిరాబుడ్డి రావుగారి ఒళ్లో పడింది.) నేనూ పట్టుకున్నాను. వరండాలో కూర్చున్న దశరథం తలుపు చెక్క మీద దరువు అందుకున్నాడు. తెర చాటునుంచి అండాలు పాట ఎత్తుకుంది.

"వచ్చెనమ్మ రత్నపురి రాణి వచ్చెను
వాకిట నిలిచి న్యాయమడుగ వచ్చెను!"

"ఏవిటండీ ఇదంతా? ఆపమనండి!" అన్నారు రావుగారు, తొడ మీది సిరా తుడుచుకుంటూ.

"ఆపద్దు సారూ," అన్నాడు గాలయ్య. "మంగళం గానియ్యిండ్రి. అసలే వానలు లేవు."

రావుగారికి కోపం వచ్చింది. కానీ ఆయన నిబంధనల మనిషి. ముఖాముఖి మొదలయ్యాక ప్రశ్నలన్నీ పూర్తి చేయాలి. అందుచేత రెండో ప్రశ్న చదివారు: "నీ కోరిక యెట్టిది? నిర్భయముగ పలుకుము." అది రాజు అడగవలసిన మాట. తెర దిగింది. ఆ క్షణం నుంచి మార్గదర్శనాధికారిగారు రత్నపురి మహారాజు.

కథ ఏమిటంటే, రాణి మీద దొంగదని నింద వేసి అడవికి పంపుతారు. ఆమె మారువేషంలో సొంత భర్త కొలువుకే వచ్చి, తన పేరు తనకు ఇప్పించమని అడుగుతుంది. రావుగారు ప్రశ్న చదివినప్పుడల్లా ఆట ఒక అడుగు ముందుకు పోయింది. "నీ తలిదండ్రు లెవ్వరు?" అని చదివితే అండాలు పుట్టింటిని తలుచుకొని ఏడ్చింది. "పూర్వము నీ నడవడి యెట్టిది?" అని చదివితే పిడికిలి బిగించి లేచింది. కిటికీల నిండా మూడు తరగతుల పిల్లలు నిలబడ్డారు. చివరికి రావుగారి ముందు మోకరిల్లి, "మహారాజా! ధనము వలదు, ధాన్యము వలదు. నా పేరు నాకిప్పింపుము. ఆ పేరుతోడనే నన్ను పిలువుము" అని చేయి చాచింది. రావుగారు చేతిరుమాలు తీశారు. ఆయన పెదవులు "ఇచ్చితిమి" అన్నట్టు కదిలాయి. నేను కళ్లారా చూశాను. మంగళం పాడారు. గాలయ్య గుడ్డ మడిచి బల్ల మీద పరిచాడు.

"ఇంత చక్కని తెలుగు ఎవరు నేర్పారమ్మా?" అన్నారు రావుగారు, ముక్కు తుడుచుకుంటూ.

"మా బాపు, సారూ. గిట్ల ఆడుకుంటనే నేర్సుకున్న."

"అయ్యో, మళ్లీ ఈ భాషేవిటి?" అని ఆయన చెవి మీద చేయి పెట్టుకున్నారు. ఆ చేత్తోనే కలం తీసి నిర్ణయం రాశారు: ఈ బాలికకు కళ ఇదివరకే వచ్చి ఉన్నది. పాఠశాల ఉన్నది రానివారికి నేర్పుటకు గాని వచ్చినవారికి నేర్పుటకు కాదు. కావున లలితకళలు నిరాకరించి గృహవిజ్ఞానము కేటాయించడమైనది.

దశరథం లోపలికి వచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "అంటె, అచ్చింది గాబట్టి ఇయ్యరా సారూ?"

"అంతేనయ్యా."

"రాకుంటె ఇద్దురా?"

"తప్పకుండా."

దశరథం కూతురి వైపు చూసి, మళ్లీ రావుగారి వైపు తిరిగాడు. "మల్ల రానట్టు పాడుమంటరా?"

"సంఘాన్ని మోసం చెయ్యడం నేరవయ్యా."

అప్పుడు అండాలే ముందుకు వచ్చింది. "సారూ, నాకు నేర్పుమంటలేను. నాకొచ్చిందానికే పరీచ్చ పెట్టుండ్రి. పాసయితె కాయితం ఇయ్యిండ్రి. గంతే."

నేర్పకుండా పరీక్ష పెట్టరాదని, పంతులు లేకుండా నేర్పరాదని, ఆసక్తి గల విద్యార్థులున్నట్టు పైకి నివేదిక పోకుండా పంతుల్ని వేయరాదని రావుగారు ఆ పిల్లకు నిదానంగా చెప్పారు. లెక్కలు వచ్చిన పిల్లలకు లెక్కలే ఇస్తున్నారు కదా అని నేను అడిగాను. సోడా చల్లగా లేదన్నారు. నాకు ఒళ్లు మండింది. వెళ్లి మరో సోడా తెచ్చాను.

హార్మోనియం కొన్నారు కాబట్టి లలితకళల గ్రూపును ఖాళీగా ఉంచడానికి వీల్లేదు. సంఘం మిగతా దరఖాస్తులన్నీ జల్లెడ పట్టి, లెక్కల్లో సున్నా వచ్చిన ముగ్గురు మగపిల్లలను అందులో వేసింది. వాళ్లలో పటేలుగారి అబ్బాయి గుర్వయ్య ఒకడు. వాడు నోరు విప్పితే కట్టేసిన దూడలు తాళ్లు తెంపుకుంటాయి. అందుచేత అర్హతలన్నీ ఉన్నట్టే. వారానికి రెండు గంటలు ఆ ముగ్గురినీ బీరువా ముందు కూర్చోబెట్టేవారు.

అండాలు బడి మానేస్తానంది. దశరథం బతిమిలాడాడు. "జర ఓర్సుకో బిడ్డా. పై యేటికి నివేదికల నీ ముచ్చట రాస్తరు, పంతులొస్తడు. ఒక్క యేడే." ఆ పిల్ల తండ్రి మొహం చూసి ఒప్పుకుంది. ఏడాదంతా నల్లబల్ల మీది వంటలు చూసి రాసుకుంది. దశరథం నా దుకాణానికి వచ్చినప్పుడల్లా నివేదిక ఎప్పుడు పోతుందని అడిగేవాడు. వార్షికోత్సవం నాడు అందరి ముందూ చదివి, ఆ రోజే పైకి పంపుతారని చెప్పాను.

వార్షికోత్సవానికి ఊరంతా వచ్చింది. రావుగారు వేదిక మీద, పటేలుగారు ఆయన పక్కన. దశరథం ఉతికిన తలపాగా చుట్టుకొని అందరికంటే వెనక నిలబడ్డాడు. ఐలేశం సారు నివేదిక అందుకునే వేళకు మైకు బ్యాటరీ చచ్చింది. ఆయన గొంతు మూడో వరుస దాటదు. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే రావుగారికే ఉపాయం తట్టింది.

"ఆ రాణి పిల్లని పిలవండి. మంచి గొంతు. ఉచ్చారణ కూడా స్పష్టంగా ఉంటుంది."

అండాలు వచ్చి కాగితాలు అందుకుంది. అంతకుముందు వాటిని ఆ పిల్ల చూడలేదు. భవనాలు, బెంచీలు, హాజరు అన్నీ చదివింది. పేజీ తిప్పింది. ఆ పేజీని ముందు కళ్లతో చదువుకుంది. తరువాత తల ఎత్తి, ఒక్క అక్షరం తడబడకుండా చదివింది:

"ఈ ప్రాంతపు బాలికలలో లలితకళల యెడ ఆసక్తి యేమాత్రమును కానరాలేదు. కావున అధ్యాపకుని నియామకము అనవసరము."

రావుగారు చప్పట్లు కొట్టారు. అందరికంటే వెనక నిలబడ్డ దశరథానికి కూడా ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది.