కొత్తవాడలో ఉత్సాహ కేంద్రం

వరంగల్ ముసలివాళ్లలో ఉత్సాహం పడిపోయిందని, దాన్ని లేపేదాకా తాను కూర్చోనని పెద్దల సంక్షేమ సంస్థ చైర్మన్ కిషన్ రావు గారు ప్రకటించారు. సొంత నిర్ణయం, చేతినిండా పని, నలుగురి తోడు ఉంటే ముసలితనంలోనూ హుషారు తగ్గదని కాగితం చూసి చదివారు. ఎంత గొప్ప మాట! కొత్తవాడలో పెట్టే ఉత్సాహ కేంద్రానికి మా అబ్బాయి ఓంకార్‌ను ఇన్‌చార్జిగా వేశారు. ముసలివాళ్లకు ఉత్సాహం రాకపోతే మావాడి పోస్టు ఊడుతుందేమోనని ఆనాటి నుంచి నాకు అన్నం సయించలేదు.

కేంద్రానికి దొరికింది పాత నేత షెడ్డు. అందులో గుండయ్య, మొగిలయ్య, ఇంకొందరు పెద్దలు పొద్దంతా చేతులు అటూ ఇటూ ఆడిస్తూ, కాళ్లతో మగ్గం తొక్కుతూ జంపఖానలు నేస్తూ, ఒకరినొకరు తిట్టుకుంటూ, చాయ్ తాగుతుండేవారు. వాళ్లకు ఉత్సాహం కల్పించాలంటే ముందు షెడ్డు ఖాళీ చేయాలి కదా. మగ్గాలు విప్పించి పడక కుర్చీలు వేయించారు.

"నా మగ్గమేది బిడ్డా?" అని గుండయ్య అడిగాడు.

"ఇగ నీకు పనెందుకు తాతా? రెస్ట్ తీసుకో," అన్నాడు ఓంకార్.

"పక్కకు మొగిలిగాన్నన్న కూసోనీయ్. తిట్టుకుంట ఉంటం."

"తిట్టుకుంటే బీపీ పెరుగుతది. అందుకే కుర్చీలు దూరం దూరం ఏసినం."

"చాయ్?"

"కమిటీ డిసైడ్ చేస్తది."

లేస్తే పడతారేమో, కుర్చీలకు బెల్టులు పెట్టించమని నేనే చెప్పాను. వెంటనే అమలైంది.

ప్రారంభం నాటికి పెద్దలంతా కుర్చీల్లో కునుకుతున్నారు. చైర్మన్ గారు రిబ్బన్ ముందు కత్తెర పట్టారు. చెయ్యి వణికింది. వేలు తెగుతుందేమోనని నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"సార్, మీరు జర కూసోండ్రి. మా ఓంకార్ కోస్తడు," అన్నాను.

"నేనేమన్న ముసలోన్నా? నా చేతితోని నేనే కోస్త!"

ఆ కేకకు గుండయ్య కళ్లు తెరిచాడు.

"అగో, నేను మొత్తుకునేది గదే గద సారూ! బళ్లె నువ్వు నాకంటే రెండు క్లాసులు ముందుంటివి. నీకు కత్తెర, నాకు బెల్టా?"

చైర్మన్ గారు చిరునవ్వుతో మైకు అందుకున్నారు. "తాతకు జర మతి తప్పింది. పండబెట్టండ్రి."

ఓంకార్ పండబెట్టాడు. చలి పెడుతుందేమోనని నేను ఆయన నేసిన జంపఖానే కప్పాను. కాసేపటికి దాని కింద గుండయ్య చేతులు అటూ ఇటూ ఆడసాగాయి. కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతున్నాయి. పెదవులు మొగిలయ్యను తిడుతున్నాయి.

"ఫిట్స్! దవాఖానకు ఫోన్ కొట్టు కొడుకా!" అని అరిచాను.

అంబులెన్స్ సకాలంలో వచ్చింది. గుండయ్యను ఎక్కించి కదలబోతుంటే చైర్మన్ గారు ఆపారు. దానికీ ఒక రిబ్బన్ కట్టించి, తన చేత్తో తానే కోశారు.