నూనె లేని దొడ్డి

ఆ పొద్దున పశువుల డాక్టరు అద్దం ముందు రెండోసారి తల దువ్వుకున్నాడు. గొర్రెపిల్లల తూకం, పెద్దాఫీసరు రాక రెండూ ఒకేరోజు వచ్చిపడ్డాయి మరి. ఇంటి వెనక షెడ్డులో పక్కపక్కన రెండు దొడ్లు. ఎడమ దొడ్డి పిల్లలకి దాణాలో పొద్దుతిరుగుడు నూనె కలపాలి, కుడి దొడ్డి వాటికి వట్టి దాణా పెట్టాలి. నూనె తిన్నవి ఎక్కువ ఒళ్ళు చేస్తే డాక్టరు మాట నెగ్గినట్టు. లేకపోతే షెడ్డు మూసేసి, ఆయన్ని హెడ్డాఫీసులో ఫైళ్ళ మధ్య కూర్చోబెడతానని పెద్దాఫీసరు ముందే చెప్పాడు. గొర్రెపిల్లల్ని వదిలి బతకడమన్న ఊహకే డాక్టరుకి ఏడుపొచ్చేది.

"మీరే నెగ్గుతారండీ," అంటూ భార్య కాలరు సర్ది పంపింది.

తీరా తూకం వేస్తే ఎడమ దొడ్డి పిల్లలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కుడి దొడ్డివేమో నిగనిగలాడుతూ, ఇద్దరు పడితే గానీ కాటా ఎక్కనంతగా బలిశాయి.

"నూనె దండగని మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను," అన్నాడు పెద్దాఫీసరు, సంబరం దాచుకోలేక. "షెడ్డుకి తాళం వేయించండి."

డాక్టరు ఇంట్లోనే ఉండే అత్తగారు, కూతురితో కలిసి తూకం చూడ్డానికొచ్చి, ఆ మాటకి అడ్డుపడింది.

"దండగేంటి బాబూ? ఆ కుడి దొడ్డి పిల్లలకి రోజూ నూనె పోసింది నేనేగా!"

"మీరా అత్తయ్యగారూ?"

"మరేం చెయ్యను అల్లుడుగారూ? పక్కపక్కనే పెట్టి వీటికి నూనె, వాటికి ఎండు దాణానా? అవేం పాపం చేశాయి? ఆ చూపులు చూడలేకపోయాను. మీ నూనె ముట్టుకోలేదు లెండి, వంటింటి డబ్బాలోంచే తెచ్చాను."

"అమ్మా! డబ్బా ఖాళీ అయ్యేది నీవల్లా?" భార్య నెత్తి కొట్టుకుంది. "నాదే చెయ్యి జోరనుకుని, ఈయనకి చెప్పలేక, షెడ్డులోని నూనె డ్రమ్ములోంచి తెచ్చి నింపుతున్నానే!"

ఆ మాటతో, దాణా కలిపే మనిషి కాటా వదిలేసి లబోదిబోమన్నాడు. "డ్రమ్ము తరిగిపోతుంటే నేనే ఎక్కువ ఒంపేస్తున్నాననుకున్నా సార్! తగ్గించాను. అయినా తరిగిపోయింది. చివరికి ఎడమ దొడ్డికి పొయ్యడమే మానేశాను."

పిల్లనిచ్చిన అత్తగారు, కట్టుకున్న భార్య, నమ్ముకున్న మనిషి. ఒకరికి తెలియకుండా ఒకరు తన ప్రయోగాన్ని నిలువునా ముంచారు. పెద్దాఫీసరు వైపు చూడ్డానికి డాక్టరుకి మొహం చెల్లలేదు.

పెద్దాఫీసరు మాత్రం బుర్ర గోక్కుంటున్నాడు. "అంటే, నూనె తిన్నవే బలిశాయి. తిననివే బలవలేదు." మింగుడుపడని మాటని మెల్లగా మింగాడు. "నూనె మంచిదేనన్నమాట."

"నేను చెప్పిందీ అదే కదా సార్!"

"మీరాగండి. నూనె ఏ దొడ్డికి పోతోందో మీకే తెలీదు. పూట తప్పకుండా పోసింది ఆవిడ. షెడ్డు ఉంచుతాను, మళ్ళీ మొదట్నుంచీ చెయ్యండి. కానీ ఈసారి దాణా పెత్తనం ఆవిడది. ఆవిడ చెప్పినట్టు మీరు నడుచుకోండి."

ఆనందం పట్టలేక డాక్టరు అందిన గొర్రెపిల్లని కావలించుకున్నాడు. అత్తగారు కాసేపు బెట్టు చేసి, ఒక్క షరతు మీద ఒప్పుకుంది: ఈసారి నూనె పొయ్యని దొడ్డికి కూడా నూనె పొయ్యాలి.