ఆ విషయంలో నూటికి నూరు

బడి ఆడపిల్లలకు "ఆ విషయం"పై అవగాహన కలిగించే మొట్టమొదటి రహస్య సలహా గదిని మంత్రిగారు బ్యాండు మేళంతో ప్రారంభించారు. మైకు సెట్టు నాది. కాబట్టి ఈ చారిత్రక ఘట్టాన్ని స్తంభం పక్కనుంచి చూసే భాగ్యం నాకు దక్కింది.

ఆ విషయమంటే కడుపు రాకుండా చూసుకునే విషయం. ఆ మాట సభలో పలకడం మంత్రిగారి సంస్కారానికి సరిపడలేదు. బ్యానరు మీదా అలాగే రాయించారు. జనానికి అర్థం కాదేమోనని పెయింటరు నసిగితే, "అర్థమైతేనే గొడవ" అన్నారు. దూరదృష్టి అంటే అదీ.

కిందటేడు ఆ బడిలో పదో తరగతి పిల్లలిద్దరు పరీక్షలకు ముందే కడుపుతో ఇంటిదారి పట్టారు. కారణమేమిటని ప్రభుత్వం నిపుణులను అడిగింది. పిల్లలకు తెలియదు, అడగాలంటే సిగ్గు, నర్సు బయటపెడుతుందని అనుమానం, అన్నిటికీ మించి నాన్నంటే హడలు అని వాళ్లు తేల్చారు. మంత్రిగారు ఒక్కో కారణానికీ ఒక్కో మందు కనిపెట్టారు. సిగ్గు పోవడానికి గదిని ప్రార్థన జరిగే వసారాలో, అందరికీ కనబడేలా కట్టించారు. అనుమానం పోవడానికి గుమ్మం దగ్గర హెడ్మాస్టరుగారికి కుర్చీ వేయించారు. హడలు పోవడానికి నాన్న సంతకం తప్పనిసరి చేశారు.

గదిలో నర్సమ్మ కూర్చుంది. పిల్లలెవరూ ఆ ఛాయలకు రాలేదు.

ప్రార్థనకు మైకు పెట్టేదీ నేనే గనక రోజూ అక్కడే ఉండేవాణ్ణి. ఒకనాడు పదో తరగతిలో ఎప్పుడూ మొదటి మార్కులు తెచ్చుకునే అమ్మాయి, బడంతా ఫస్టు పిల్ల అని పిలిచే అమ్మాయి, గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది.

"ఏంటమ్మా?" అన్నారు హెడ్మాస్టరుగారు.

"నర్సమ్మని ఒక మాట అడగాలి సార్."

"ఏం మాట?"

"రహస్యం సార్."

"రహస్యమే. ముందు నాకు చెప్పి తర్వాత లోపలికెళ్లు. మీ నాన్న సంతకమేదీ?"

పిల్ల వెనక్కి తిరిగింది. నర్సమ్మ గబగబా గుమ్మం దాకా వచ్చింది.

"నేనే బయట మాట్లాడతాను సార్, రెండు నిమిషాలు."

"గది బయట మాట్లాడితే అది రహస్యమెలా అవుతుందమ్మా? నీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ పోతాయి. కూర్చో."

నర్సమ్మ కూర్చుంది. రూలంటే ఆ బడిలో అంత గౌరవం.

నెల తిరిగేసరికి మంత్రిగారు ఫొటోగ్రాఫరుతో తనిఖీకి వచ్చారు. "లబ్ధిదారులేరీ?" అన్నారు. హెడ్మాస్టరుగారు ఖాళీ రిజిస్టరు చూపించారు.

"ఫొటోలో ఎవరో ఒకరు కూర్చోవాలి కదయ్యా," అని మంత్రిగారు పార్టీ కార్యదర్శి వైపు తిరిగారు. "మీ అమ్మాయి ఈ బళ్లోనేగా?"

"పెళ్లి కావాల్సిన పిల్ల సార్. పేపర్లో పడితే... పోనీ మీ అమ్మాయిని కూర్చోబెడితే..."

మంత్రిగారు ఆయన్ని ఒక్క చూపు చూశారు.

"మా అమ్మని పట్టుకొస్తా సార్," అన్నాడు కార్యదర్శి. "ఆవిడకి పోయే పేరేం లేదు."

మామ్మగారు వచ్చింది. నోట్లో పళ్లు లేవు. హెడ్మాస్టరుగారు ఆవిడనూ ఆపి తండ్రి సంతకం అడిగారు.

"మా నాన్న ఎప్పుడో పోయాడు నాయనా."

కొడుకు సంతకం చాలని మంత్రిగారు అక్కడికక్కడే రూలు సడలించారు. పరిపాలనలో ఆ పట్టువిడుపులు అందరికీ రావు.

గంట తర్వాత మామ్మగారు బయటికొచ్చింది. ఎలా ఉందని విలేకరి అడిగాడు.

"ఆ నర్సు తల్లి ఎంత బాగా చెప్పిందనీ. ఈ సంగతులు అప్పట్లో తెలిస్తే రెండో కాన్పుతో ఆపేసేదాన్ని."

కార్యదర్శి ఆవిడకు ఐదో సంతానం.

ఫొటో మొదటి పేజీలో పడింది. ఆ మర్నాటి నుంచి పార్టీ బస్సుల్లో మామ్మలు దిగడం మొదలైంది. వచ్చినవాళ్లకు భోజనం పొట్లం, దుప్పటి. వాళ్లు నడుం వాల్చడానికి పదో తరగతి గది ఖాళీ చేయించారు. నర్సమ్మకు నీళ్లు తాగే తీరిక లేదు. మంత్రిగారు మళ్లీ వచ్చినప్పుడు ధైర్యం చేసింది.

"ఈ గది పిల్లల కోసం కదా సార్."

"పిల్లలు రావట్లేదు కదమ్మా. వచ్చేవాళ్లకి సేవ చెయ్యాలి."

"ఒక పిల్ల వచ్చింది సార్. సంతకం లేదని పంపేశారు. ఆ పిల్లనొక్కదాన్నైనా లోపలికి రానివ్వండి."

మంత్రిగారి ముఖం విప్పారింది. "సంతకం లేదని పంపేశారా?" అని హెడ్మాస్టరుగారి భుజం తట్టారు. "అమలంటే ఇలా ఉండాలి."

ఏడాది చివర విజయోత్సవ సభ. జిల్లా అధికారి నివేదిక చదివారు. పథకంలో సలహా పొందిన లబ్ధిదారుల్లో ఒక్కరంటే ఒక్కరికి కూడా కడుపు రాలేదు. నూటికి నూరు శాతం ఫలితం. ముందు వరసల్లో మామ్మలు దుప్పట్లు పక్కన పెట్టి చప్పట్లు కొట్టారు. మంత్రిగారు వినయంగా తల వంచారు.

పూలగుత్తి ఇవ్వడానికి ఫస్టు పిల్లను పిలవమన్నారు. మైకులో పిలిచాను. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచాను.

వేదిక చివర కూర్చున్న నర్సమ్మ లేచి మైకు దగ్గరకొచ్చింది. "ఆ పిల్ల బడి మానేసింది సార్. ఇప్పుడు నాలుగో నెల."

నా మైకు మంచిది. గేటు దాకా వినబడింది.

మంత్రిగారు అధికారి వైపు వంగి, "మన లబ్ధిదారుల్లో ఉందా?" అని అడిగారు.

"లేదు సార్. సలహా పొందలేదు."

మంత్రిగారు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు.

"మరింకేం. ఆ పూలు ఇటివ్వండి."