ఎర్ర గుండీ మాయం

"చెల్లీ, ఈ వీధి మొత్తానికి బుర్ర ఉన్నది ఒక్కడికే. వాడు ప్రస్తుతం నీ ఎదురుగా నిలబడ్డాడు!"

చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి మరీ ప్రకటించాడు మా అన్నయ్య. ఉద్యోగం గోడౌన్‌కి తాళాలు వెయ్యడం. నెత్తిమీదున్న కళ్ళజోడుని మూడు గంటలు వెతికి తానే పట్టుకున్న రోజు నుంచీ డిటెక్టివ్. మేం కింద వాటాలో, వాళ్ళు పై వాటాలో. అదీ మా ఖర్మ.

"ఇవాళే ఒక కేసు ఛేదించా, తెలుసా? నా కోటు గుండీ మాయం. పావుగంటలో పట్టేశా. మీ వదిన కుట్టేసింది కూడా."

"నీ గుండీ సంగతి తర్వాత అన్నయ్యా. ఇక్కడ పిల్ల గుండీ పోయి అది ఏడుస్తోంది!"

పిల్లకి స్కూల్లో కొత్త పాఠం. ఇంట్లో వస్తువుల్ని బల్లమీద పెట్టి ఫోటో తియ్యాలి, గోరంత జరిపి మళ్ళీ తియ్యాలి. అన్నీ గబగబా తిప్పితే వస్తువు నడిచినట్టుంటుందట. మా దాని కథలో ఎర్ర గుండీ ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరింది. గరిటె వంతెన, బట్టల క్లిప్పులు మొసళ్ళు. ఐదింటికల్లా టీచరమ్మకి పంపాలి. లేకపోతే రేపు క్లాసులో అందరి బొమ్మలూ ఆడతాయి, మా పిల్లది తప్ప. ఎనిమిదితో చదువాగిన నేను చేసిన సాయం, గరిటె కడిగివ్వడం. తీరా ఫోను అలాగే వదిలేసి భోజనం చేసి వచ్చేసరికి గుండీ లేదు.

అన్నయ్య రంగంలోకి దిగాడు. గరిటె స్వాధీనం. క్లిప్పులు స్వాధీనం. పుస్తకాల దొంతరకి ఆనించిన ఫోను కూడా స్వాధీనం.

"ఫోనివ్వు మావయ్యా! అది ఐదు సెకన్లకోసారి దానంతటదే ఫోటో తీస్తుంది..."

అన్నయ్య ఫోన్ని గుండెకి హత్తుకున్నాడు. "రెండొందల ఫోటోలు, అన్నిట్లో అదే గుండీ! ఎవడో దీన్ని నీడలా వెంటాడాడు. అంతర్జాతీయ ముఠా!"

"పెట్టింది నేనే మావయ్యా."

"నేరం ఒప్పుకుంది! చెల్లీ, రాసుకో!"

నాలుగున్నరైంది. నేను ఫోను కోసం చెయ్యి చాచాను. "నీకు దణ్ణం పెడతా అన్నయ్యా, ఇచ్చేయ్."

"ఒక్కొక్కటీ భూతద్దంలో చూడాలి" అంటూ జేబులో చెయ్యి పెట్టాడు. ఫోను జారింది. పట్టుకోబోయి బొటనవేలితో తెరని సర్రున గీకాడు. ఫోటోలు పరిగెత్తాయి.

గుండీ నడిచింది! వంతెన ఎక్కింది, మొసళ్ళని తప్పించుకుంది. నేను నోరు తెరిచేశాను. చివర్లో పైనుంచి ఒక చెయ్యి దిగి గుండీని ఎత్తుకుపోయింది.

"దొరికాడు! చిటికెన వేలికి పచ్చరాయి ఉంగరం! పరమ కిరాతకుడు!" అంటూ చెయ్యెత్తి చూపించాడు అన్నయ్య.

ఆ చేతికే ఉంది పచ్చరాయి ఉంగరం. కోటుకి ఐదు నల్ల గుండీలు, మధ్యలో ఒకటి ఎర్రది.

"ఉండు, కత్తెర తెస్తా" అన్నాను.

"వద్దమ్మా" అంది పిల్ల, కళ్ళు తుడుచుకుని. "గుండీకి ఇల్లు దొరికిందిగా. మావయ్యా, బల్లమీద పడుకో. నేను చెప్పినప్పుడల్లా గోరంత జరుగు."

"ఎటు?"

"నోరు తెరిస్తే మళ్ళీ మొదట్నించీ తియ్యాలి."

నలభై ఫోటోలు. ఐదుకి రెండు నిమిషాలుండగా బొమ్మ టీచరమ్మకి వెళ్ళిపోయింది.

"చూశావా చెల్లీ, నా తెలివి..." అంటూ లేవబోయాడు అన్నయ్య.

"కదలకు మావయ్యా, ఇంకా అవ్వలేదు" అంది పిల్ల.

ఫోను అప్పటికే నా చేతికిచ్చేసింది.